తెలియదు టీచర్

నిన్న ల్యాబులో నా చేతి తొడుగు చిరిగింది. నేను చూసుకోలేదు. కారం పొడి శాంపిళ్ళు తూకం వేస్తూ, నుదుటి మీద పడిన వెంట్రుకను అలవాటుగా వెనక్కి తోసుకున్నాను. వేలి కొస కనురెప్పకు తగిలింది. అంతే, కన్ను మంటెత్తిపోయింది. కుళాయి కింద ముఖం పెట్టి నిలబడితే, పక్క టేబుల్ దగ్గరి అమ్మాయి "ఇదేంటక్కా, ఇవాళే చేరినట్టు!" అని నవ్వింది. నీళ్ళు కారుతున్న కంటితో నేనూ నవ్వాను. ఆ మంట నాకు ల్యాబులో చేరకముందు నుంచీ తెలుసు. చిన్నప్పుడు మిరపకాయల సీజన్లో అమ్మ నా ముఖం తుడిచినప్పుడల్లా ఇలాగే మండేది. పగలంతా కల్లంలో కూర్చుని తొడిమలు తీసి వచ్చేది. ఎంత కడుక్కున్నా ఆ ఘాటు చేతులను వదిలేది కాదు. "ముట్టుకోకమ్మా" అంటూ నేను పారిపోతుంటే, చేతులు ఎత్తిపట్టుకుని, మోచేతులతో నన్ను దగ్గరికి లాక్కునేది.

మంట చల్లారేలోగా అమ్మ వెనకాలే ఎస్తేరు టీచర్ కూడా గుర్తొచ్చారు. నాకు వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలిసే గుర్తొస్తారు, బతికుండగా ఒకరికొకరు తెలియకపోయినా. మర్నాడే ఆదివారం, ఈస్టరు. టీచర్ లేకుండా వస్తున్న మొదటి ఈస్టరు.

నల్లపాడు దాటాక వచ్చే మా ఊరి హైస్కూల్లో ఆమె ఫిజికల్ సైన్సు చెప్పేవారు. పొట్టిగా, నల్లగా, కాటన్ చీర కొంగు నడుముకు బిగించి, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేవారు. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, దీపాలు చూసుకునేవాడట. అమ్మ మిరప కోతలకు వెళ్ళే కూలి. టీచర్‌కు పూర్తిగా ఊహ తెలియకముందే ఆ అమ్మ పోయింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. తొమ్మిదో తరగతిలో నాకు ఆమె గురించి తెలిసింది ఒకటే, ఆమె క్లాసులో ఎవరూ తల దించుకుని నిలబడకూడదు. జవాబు రాకపోతే ఫరవాలేదు. కానీ లేచి నిలబడి, వెనక బెంచీకి వినిపించేలా "తెలియదు టీచర్" అనాలి. గొణిగితే ఒప్పుకునేవారు కాదు.

నేనేమో పేరు అడిగినా చున్నీ కొసతో మాట్లాడే పిల్లను. మొదటిసారి నన్ను లేపినప్పుడు నా గొంతు నాకే వినిపించలేదు.

"ఏమ్మా మాధవీ, ఎవరికి చెబుతున్నావు? నీ పుస్తకానికా?" అన్నారు టీచర్. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిదాన్ని నోట్లో దాచుకుంటే అక్కడే కుళ్ళిపోతుంది. గట్టిగా అను."

అన్నాను. కిటికీ అవతల ఉన్న పావురం లేచిపోయేంత గట్టిగా అన్నానని తర్వాత నా స్నేహితురాళ్ళు చెప్పుకున్నారు. నేను జీవితంలో మొదటిసారి నలుగురిలో గట్టిగా అన్న మాట అదే.

ఆ ఏడాది ఎండలు మొదలవుతుండగానే అమ్మ పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు నాన్న గోడ మీది దేవుడి పటాలన్నీ దించేశాడు. నాన్న కౌలుకు మిరప వేసేవాడు. పొద్దున్నే పటాలకు దణ్ణం పెట్టకుండా చేలోకి అడుగుపెట్టని మనిషి. "వాడుంటే మీ అమ్మ పోయేదా? లేడు. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నాడు. మేకులు అలాగే ఉండిపోయాయి. పటాలున్నచోట గోడ కొత్త రంగులో మెరుస్తూ ఉండేది. ఆ రోజుల్లోనే ఊరి బయట సువార్త సభలు పెట్టారు. మైకులో ఎవరో పెద్దమనిషి, గడియారం ఉందంటే దాన్ని చేసినవాడు ఉన్నట్టే కదా, ఇంత లోకం ఉందంటే చేసినవాడు లేడంటారా, ఇది సైన్సు, ఇది లాజిక్కు అని చెబుతున్నాడు. మా ఇంటి అరుగు మీద కూర్చుంటే ప్రతి మాటా వినిపించేది. లోపల నాన్న రుజువు, బయట మైకు రుజువు. ఆ రెంటి మధ్యా కూర్చుని నేను ఒక లెక్క వేసుకున్నాను. దేవుడు ఉన్నాడని తేలితే, అమ్మ ఎక్కడో ఒకచోట ఉన్నట్టే. లేడని తేలితే అమ్మ ఎక్కడా లేదు. నాకు దేవుడితో వేరే పనేమీ లేదు. కావలసింది అమ్మ. దాని కోసం ఆయన ఉండి తీరాలి.

టీచర్ బడి అయిపోయాక ల్యాబులో గాజు సామాను కడిగించుకోవడానికి ఒకరిద్దరిని ఉంచేవారు. ఆ రోజు నేనొక్కదాన్నే ఉన్నాను. టెస్ట్ ట్యూబులు తోముతూ, ఆమె వైపు చూడకుండా అడిగాను. "టీచర్, దేవుడున్నాడని సైన్సు రుజువు చేస్తుందా?"

ఎందుకడుగుతున్నావని ఆమె అడగలేదు. మా ఇంటి సంగతి ఊరందరికీ తెలిసిందే. చీర కొంగుతో చేతులు తుడుచుకుని, గోడకున్న థర్మామీటరు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది చారులో పెట్టి, ఉప్పుందో లేదో చెప్పు."

"దీంతో ఉప్పు తెలియదు టీచర్."

"అయితే చారులో ఉప్పు లేనట్టేనా?"

"కాదు. ఉండొచ్చు."

"ఉన్నట్టు తేలిందా మరి?"

"తేలలేదు."

"సైన్సు దగ్గరున్నవన్నీ ఇలాంటివే. ఒక్కోటి ఒక్కోదాన్ని కొలుస్తుంది. దేవుణ్ణి కొలిచేది నేనింతవరకు ఏ ల్యాబులోనూ చూడలేదు. మైకులో ఆయన గడియారం అన్నాడే, గడియారాలు చేసేవాళ్ళను మనం చూశాం కాబట్టి, గడియారం చూడగానే ఒకడు చేశాడనుకుంటాం. లోకాల్ని చేస్తుంటే ఎవరు చూశారు? ఆ లాజిక్కు అంతదూరం సాగదు."

"అయితే మా నాన్న చెప్పిందే నిజమా?"

"మీ నాన్న అడిగింది వేరు. మీ అమ్మను కాపాడే దేవుడు ఉన్నాడా అని ఆయన అడిగాడు. కాపాడలేదన్నది నిజం. అంతవరకే తేలింది. దానికి ఆయనకు కోపం రావడం న్యాయం."

నేను మళ్ళీ ట్యూబు తోమసాగాను. ఒక సంగతి తట్టింది. నాకై నేను ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. "చారులో ఉప్పు రుచి చూస్తే తెలుస్తుంది కదా టీచర్."

ఆమె ముఖం వెలిగిపోయింది. "భలే! మా చర్చిలో అమ్మమ్మలంతా అదే అంటారు. మేం రుచి చూశామంటారు. వాళ్ళు అబద్ధమాడుతున్నారని నేననను. కానీ జ్వరం వచ్చినప్పుడు నాలుక చేదంటుంది, తీపినీ చేదంటుంది. ఎవరి నాలుకను నమ్మను?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. చేతిలో ఉన్న ట్యూబు సింకులో జారవిడిచి ఏడ్చాను. "మా అమ్మ ఉందని తేలాలంటే ఆయన ఉండాలి టీచర్. ఏదో ఒకటి చెప్పండి."

ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు. ఎవరినీ అంత సులువుగా ముట్టుకునే మనిషి కాదు. జారిన ట్యూబు తీసి, పగిలిందేమో వెలుతురులో చూసి, పక్కన పెట్టారు. "నీకోసం ఒక అబద్ధం చెప్పగలను మాధవీ. ఇవాళ నిద్రపడుతుంది. పెద్దయ్యాక అది అబద్ధమని నీకే తెలుస్తుంది. అప్పుడు మీ అమ్మతో పాటు నేనూ పోతాను నీకు. వద్దు." తర్వాత మామూలుగా అన్నారు. "ఈస్టరు రోజు తెల్లవారుజామున సమాధుల తోటకు వస్తావా? నాకు సున్నం వేయడానికి మనిషి కావాలి."

నాన్నను అడిగితే, "వెళ్ళు. అక్కడా ఎవరూ ఉండరు" అన్నాడు. కానీ చీకట్లో ఒక్కదాన్నే పంపలేక, తన బండి మీద గేటు దాకా తీసుకొచ్చి, లోపలికి రాకుండా బయటే ఉండిపోయాడు.

మా వైపు ఈస్టరు ముందురోజు క్రైస్తవులు సమాధులన్నీ శుభ్రం చేసి సున్నం కొడతారు. తెల్లవారకముందే పూలు, కొవ్వొత్తులతో వచ్చి ప్రార్థన చేస్తారు. నేను మొదటిసారి చూశాను. నల్లటి నేల మీద వరసగా తెల్లటి సమాధులు, ప్రతిదాని మీదా ఒక చిన్న మంట, చుట్టూ తెల్ల బట్టల మనుషులు. అవతలి కల్లాల నుంచి మిరపకాయల ఘాటు గాలిలో వస్తుంటే, పాటల మధ్య దగ్గులు వినిపించేవి. నాకు అసూయ కలిగింది, నిజం చెప్పాలంటే. మా అమ్మను కాల్చేసి, అస్థికలు కృష్ణలో కలిపేశారు. అమ్మ దగ్గరికి వెళ్దామన్నా వెళ్ళే చోటు లేదు.

టీచర్ వాళ్ళ అమ్మది రాయి లేని మట్టి దిబ్బ. కూలివాళ్ళవి చాలా వరకు అంతే, ఒకప్పుడు కర్ర సిలువ ఉండేదేమో. టీచర్ మునుపటి రోజు సగం వేసి ఆపేశారు. మిగతా సగానికి నేను సున్నం వేశాను. ఆమె ఒక కొవ్వొత్తి దిబ్బ మీద పెట్టి, ఇంకొకటి నా చేతికిచ్చారు. "మా అమ్మ పక్కన చోటుంది. మీ అమ్మకు ఇక్కడ పెట్టు."

"మా అమ్మ ఇక్కడ లేదు కదా టీచర్."

"మా అమ్మ కూడా ఇక్కడ ఉందో లేదో నాకేం తెలుసు? పెట్టు."

పెట్టాను. ఆమె తన అరచేతిని గాలికి అడ్డం పెట్టారు. తన కొవ్వొత్తికి కాదు, నాదానికి.

ఆ తర్వాత ప్రతి ఈస్టరుకూ వెళ్ళాను. ఇంటరుకు వెళ్ళాను, డిగ్రీకి గుంటూరు వెళ్ళాను. ఆమె ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా తెచ్చుకుని చదివాను. చదివి డైరీలో ఏం రాసుకున్నానో చూపించమని ఆమె ఎప్పుడూ అడగలేదు. చదివినదాని మీద మాత్రం పోట్లాడేవారు. ప్రతిసారీ మా పోట్లాట ఎక్కడెక్కడో తిరిగి అదే ప్రశ్న దగ్గర ఆగేది. విశ్వం మొదలైందంటే మొదలుపెట్టినవాడు ఉండాలి కదా అని నేను. మొదలుపెట్టినవాడు ఉన్నా, వాడికి మీ అమ్మ పేరు తెలుసునని ఎలా తేలుతుందని ఆమె. ఆమె ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవారు, మూడో వరసలో కూర్చుని పాడేవారు. "రుజువు లేకుండా ఎలా పాడతారు?" అని ఒకసారి అడిగాను. "రుజువుంటే పాడను. న్యూటన్ సూత్రాన్ని ఎవరైనా పాడతారా?" అన్నారు.

డిగ్రీ రెండో ఏడాది ఈస్టరు ముందురోజు ఒక చిత్రం జరిగింది. టీచరూ నేనూ సున్నం వేస్తుంటే, ఒక ముసలాయన బకెట్ పట్టుకుని వచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. తాపీ మేస్త్రి యాకోబు. ఏళ్ళ తరబడి బెంగుళూరులో పనిచేసి, ఈ మధ్యే ఊరికి తిరిగొచ్చాడు.

"ఏమే ఎస్తేరూ, మా నాయనకి నువ్వెందుకే సున్నం కొడుతున్నావు?"

"నీ నాయనా? ఇది మా అమ్మది మామా."

"ఈ చేతుల్తో గొయ్యి తవ్వా. తుమ్మచెట్టుకి తూర్పున మొదటిది."

"నాకు మా నాన్న చెప్పిందీ అదే. తుమ్మచెట్టుకు తూర్పున మొదటిదని."

ఇద్దరూ ఒకేసారి పక్కకు చూశారు. అక్కడ తుమ్మచెట్టు లేదు. ఏదో తుఫానుకు పడిపోయి చాలా కాలమైంది. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు ఆ వైపున మట్టి కూడా జరిగిపోయింది. రెండు దిబ్బలుండేవేమో, ఒకటి కూరుకుపోయిందేమో. మిగిలింది ఒక్కటే. టీచర్ ల్యాబులో మమ్మల్ని అడిగినట్టే ఆయన్ను అడిగారు, చెట్టు ఎంత ఎత్తుండేది, బావి ఎటు కనిపించేది, తల ఏ వైపు పెట్టారని. యాకోబు తాత జవాబులు గట్టిగానే ఉన్నాయి. నిజానికి టీచర్ దగ్గరున్నదానికన్నా గట్టిగా ఉన్నాయి. చిన్నప్పుడు నాన్న చేయి పట్టుకుని వచ్చిన జ్ఞాపకం తప్ప ఆమె దగ్గర ఏముంది? ఆమె చేతిలోని సున్నం కుంచె నుంచి చుక్కలు కారి చెప్పుల మీద పడుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

యాకోబు తాతే ముందు మెత్తబడ్డాడు. "సర్లే. తలవైపు నువ్వు కొట్టు, కాళ్ళవైపు నేను కొడతా. కానీ మా నాయన పొద్దస్తమానం చుట్ట కాల్చేవాడు. మీ అమ్మ ఊరుకోదేమో."

"మా అమ్మా కాల్చేదిలే మామా. అగ్గిపెట్టె ఒకటి చాలు ఇద్దరికీ."

ముసలాయన పగలబడి నవ్వాడు. టీచరూ నవ్వారు. తిరిగొస్తుంటే మాత్రం చెప్పుల మీది సున్నం చుక్కల వైపే చూస్తూ నడిచారు. చదువుకున్నదాన్ని కదా, నేనే అన్నాను. "తవ్వి ఎముకలు పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది టీచర్. ఆడవాళ్ళవో మగవాళ్ళవో చెప్పేస్తారు."

ఆమె నడక ఆపారు. "తెలుస్తుంది. ఇది తెలుసుకోగలిగే ప్రశ్నే. నువ్వు అడిగే ఆ పెద్ద ప్రశ్న లాంటిది కాదు." కాసేపు దూరంగా కల్లాల మీద ఎర్రగా ఆరబోసిన కాయల వైపు చూశారు. "కానీ నేను అడగను. కాదని తేలితే మా అమ్మను మళ్ళీ ఎక్కడ వెతుక్కోను? నాకు భయం మాధవీ. ఇది విశ్వాసం అనుకునేవు, కాదు. ఇది భయం. రెండూ కలపకు."

అంత తెలిసిన మనిషికి కూడా నాకున్న లోటే ఉందని నాకు అర్థమైంది ఆ రోజే. ఆమె నాకు రుజువు ఇవ్వకపోవడం రాతిగుండెతో కాదు. తనకు దొరకనిదాన్ని నాకు ఎలా ఇస్తారు?

పోయిన వానాకాలంలో ఆమె మంచం పట్టారు. అప్పటికి నేను మిర్చి యార్డుకు దగ్గర్లోని ఈ ల్యాబులో చేరాను. కారంలో పురుగుమందుల అవశేషాలు చూడడం నా పని. ఏమీ దొరక్కపోతే మేం రిపోర్టులో "లేదు" అని రాయం. "కనుగొనబడలేదు" అని రాసి, మా యంత్రం ఎంత తక్కువ వరకు చూడగలదో పక్కన రాస్తాం. ఈ సంగతి చెబితే టీచర్ దిండు మీద నుంచే మురిసిపోయారు. "చూశావా, చారులో ఉప్పు!" అన్నారు. ఆ సాయంత్రం చర్చి నుంచి కొందరు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థించారు. స్వస్థత జరుగుతుందని దేవుడు తమకు చూపించాడని ఒకావిడ గట్టిగా చెప్పింది. టీచర్ వినయంగా "ఆమెన్" అన్నారు. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి, "పాపం, ప్రేమతో అంటుంది. దాన్ని రిపోర్టులో రాయలేం అంతే" అన్నారు.

నేను ధైర్యం చేశాను. "ఇప్పుడైనా చెప్పండి టీచర్. మీకేమనిపిస్తోంది?"

"తేలింది వేరు, అనిపించేది వేరు. అనిపించేది అడిగావు కాబట్టి చెబుతా." కళ్ళు మూసుకున్నారు. "మా అమ్మ ఎదురొస్తుందనిపిస్తోంది. ఆవిడ చేతులకు మిరపకాయ ఘాటుంటుంది. దగ్గరికి తీసుకోగానే కళ్ళు మండిపోతాయి. ముందే చెప్పాలి, అమ్మా, చేతులు కడుక్కుని రావే అని." నవ్వారు. కనుకొలకుల్లో నీళ్ళు నిలిచాయి. నేను తుడవబోయి ఆగాను. ఆ రోజు ల్యాబు నుంచి నేరుగా వచ్చాను. చేతులు ఎన్నిసార్లు కడిగానో గుర్తులేదు. మోచేత్తో తుడిచాను.

ఆమెను ఆ దిబ్బ పక్కనే, ఒకప్పుడు నేను కొవ్వొత్తి పెట్టినచోటే పెట్టారు.

ఇది రాస్తున్నది ఆదివారం మధ్యాహ్నం. పొద్దున్నే వెళ్ళొచ్చాను. నాన్న ఎప్పటిలాగే బండి మీద దింపాడు. గేటు దగ్గర నేను దిగాక, ఈసారి బండి స్టాండు వేసి, సున్నం బకెట్ నా చేతిలోంచి తీసుకుని నా వెనకే లోపలికి వచ్చాడు. యాకోబు తాత ముందే వచ్చి కాళ్ళవైపు కొట్టేసి, తలవైపు మాకు వదిలిపెట్టాడు. నేను దిబ్బకు వేశాను. టీచర్ సమాధి చుట్టూ నాన్న వేశాడు, చేలో గట్టు సరిచేసినంత జాగ్రత్తగా. తర్వాత మూడు కొవ్వొత్తులు వెలిగించాను. టీచర్ వాళ్ళ అమ్మకు, ఆమె కాకపోతే యాకోబు తాత నాయనకు. టీచర్‌కు. మూడోది టీచర్ పక్కనే, అమ్మకు.

నాన్న ఆ మూడోదాన్ని చాలాసేపు చూశాడు. పాటలు మొదలయ్యాయి. నా వైపు చూడకుండా, నేను చిన్నప్పుడు టెస్ట్ ట్యూబులను అడిగినట్టు, కొవ్వొత్తిని అడిగాడు.

"అమ్మడూ, మీ అమ్మ చూస్తోందంటావా?"

నాన్న ఏ జవాబు కోసం అడిగాడో నాకు తెలుసు. ఆ ఒక్క మాట అనేస్తే ఇవాళ ఆయన నిద్రపోతాడని కూడా తెలుసు. నా గొంతు ఎప్పటిలాగే లోపలికి పోబోయింది. తల ఎత్తాను.

"తెలియదు నాన్నా."

చుట్టుపక్కల పాడుతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు, అంత గట్టిగా అన్నాను. నాన్న మాత్రం ఉలిక్కిపడలేదు. తల ఊపాడు. కల్లాల వైపు నుంచి గాలి లేచింది. భుజం మీది కండువా తీసి, రెండు చేతులతో పట్టుకుని, అమ్మ కొవ్వొత్తికి అడ్డంగా కూర్చున్నాడు.